ఖాళీ నెలల లెక్క: ఒక జంట కొన్న మొదటి అద్దె ఇల్లు

ఈ కేసులో కొన్నవాళ్ల పేర్లు, ఊరు, అసలు మొత్తాలు బయటపెట్టనని మాటిచ్చాను. అందుకే వాళ్లు మొదట కొనాలనుకున్న ఫ్లాట్ ధరను 1000 అనుకుని, మిగతా అంకెలన్నీ దానికి తగ్గట్టు మార్చి రాస్తున్నాను. అంకెలు మారినా నిష్పత్తులు మారవు కాబట్టి, చదివేవాళ్లు తమ సొంత లెక్కలు పెట్టి చూసుకోవచ్చు.

అద్దెకివ్వడానికి ఇల్లు కొనేవాళ్లకు లెక్కలు, కాగితాలు, ఇల్లు చూసిపెట్టడం నా పని. ఫీజు తీసుకుంటాను. అమ్మకం మీద కమీషన్ తీసుకోను. కొనమన్నా, వద్దన్నా నాకొచ్చేది అంతే. ఈ విషయం మొదటి రోజే చెబుతాను. ఎందుకంటే ఇల్లు కొనేవాడి చుట్టూ ఉండేవాళ్లలో చాలామందికి ఆ ఇల్లు అమ్ముడైతేనే డబ్బొస్తుంది.

ఆమె నర్సు. ఆయన ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరికీ ముప్పై ఐదు లోపే. పదేళ్లు కూడబెట్టింది 360. జీతాల్లోంచి నెలకు 2 మిగులుతుంది. వాళ్లు ఉండేది అద్దె ఇంట్లో, ఇంకొన్నాళ్లు అక్కడే ఉంటారు. కొనే ఇల్లు అద్దెకివ్వడానికే.

నా దగ్గరికి వచ్చేసరికే ఫ్లాట్ ఎంచుకున్నారు. కొత్త బిల్డింగ్, మంచి లిఫ్టు, కింద పిల్లలు ఆడుకోవడానికి జాగా. అమ్మేవాళ్లు ఇచ్చిన కాగితం మీద మూడే లైన్లున్నాయి: అద్దె 5, ఈఎంఐ 5.3, మీ జేబులోంచి 0.3. చేతి నుంచి 250 కట్టి, మిగతా 750 లోన్, 7 శాతం వడ్డీ, 25 ఏళ్లు. రిజిస్ట్రేషన్, లీగల్, లోన్ ఖర్చులు 60. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, వంటగది కలిపి 40. అంటే 360లో 350 అయిపోయి 10 మిగులుతుంది.

"నెలకు 0.3 అంటే పెద్ద భారం కాదు కదండీ, ఇల్లు మనదవుతుంది" అన్నారాయన. బయానా ఇవ్వడానికి నాలుగు రోజులే గడువు.

ఓనరు ఖర్చులు, అద్దెకున్నవాళ్ల నోట

ఖర్చుల పట్టిక నేను రాసి ఇస్తే దాన్ని నా అభిప్రాయం అనుకుంటారు. అందుకని ఇద్దరికీ ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఇప్పుడు మీరుంటున్న ఇంటికి మీ ఓనరు ఈ మూడేళ్లలో ఏమేం చేయించారో గుర్తు చేసుకుని రాయమన్నాను.

మొదట ఆమె రాసింది: మేం దిగేముందు రంగులు వేయించారు. తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. మోటార్ కాలిపోతే కొత్తది. బాత్రూమ్ తలుపు కింద పాడైతే మార్చారు. వంటగది సింకు లీకు రెండుసార్లు. బయటి గోడకు పగులు పూడ్చారు. ఆయన కాసేపు ఆలోచించి ఇంకో లైను రాశారు: "మేం రాకముందు ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉందట." ఆ లైను రాసి పెన్ను కింద పెట్టారు. అకౌంట్స్ తెలిసిన మనిషి కదా, అక్కడే విషయం అర్థమైంది.

ఆ తర్వాత ఫ్లాట్ లెక్క మళ్లీ వేశాం. ఏడాది అద్దె 60. ఏడాదికి సగటున ఒక నెల ఖాళీ అనుకుంటే 5 పోయింది. అసోసియేషన్ మెయింటెనెన్స్ 7.2, ఇది ఇల్లు ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే. పన్ను, ఇన్సూరెన్స్ 3. రిపేర్లు 4. కొత్త టెనెంట్ వచ్చినప్పుడల్లా అయ్యే బ్రోకర్ ఖర్చు, రంగుల ఖర్చు ఏడాదికి సర్దితే 1.8. మొత్తం 21. చేతికి మిగిలేది 39. కట్టాల్సిన ఈఎంఐలు 63.6.

ఏడాదికి 24.6 లోటు, అంటే నెలకు 2.05. కాగితం మీద చెప్పిన 0.3కి ఇది దాదాపు ఏడు రెట్లు. వాళ్లకు నెలకు మిగిలేదే 2. పిల్లల గురించి ఆలోచిస్తున్న ఇంట్లో, మిగులు మొత్తం ఒకే ఫ్లాట్‌కు 25 ఏళ్లు కట్టేసినట్టు. మొదటి ఏడాది కట్టే 63.6లో అసలులోకి వెళ్లేది 11.5 మాత్రమే, మిగతా 52 వడ్డీ.

పైగా అది అన్నీ సవ్యంగా సాగే ఏడాది లెక్క. టెనెంట్ లేని నెలలో ఈఎంఐ, మెయింటెనెన్స్, పన్ను కలిపి 6.15 కట్టాలి. చేతిలో ఉండే 10 రెండు నెలలకు కూడా చాలదు.

వడ్డీ గురించి ఇంకొంచెం చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ లోన్ ఫ్లోటింగ్ రేటు మీద ఉంది, అంటే వడ్డీ మధ్యలో మారొచ్చు. రేటు పెరిగితే ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుతామని బ్యాంకులో చెప్పారట, అది విని వీళ్లు ఊపిరి పీల్చుకున్నారు. లెక్క చేసి చూపించాను. అదే 5.3 ఈఎంఐ ఉంచి వడ్డీని 7 నుంచి 8 చేస్తే, 25 ఏళ్ల లోన్ 36 ఏళ్లవుతుంది. 8.5 శాతానికి చేరితే ఆ ఈఎంఐ వడ్డీకే సరిపోదు, అసలు తరగకపోగా ప్రతి నెలా పెరుగుతూ పోతుంది. లోన్ మొదటి ఏళ్లలో ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీయే కాబట్టి ఒకటిన్నర శాతం పెంపుకే ఇంత మార్పు. అందుకే ఎవరికైనా లోన్ లెక్క చూసేటప్పుడు రేటుకు 2 శాతం కలిపి ఇంకోసారి చూస్తాను.

"కానీ ధర పెరుగుతుంది కదండీ. పదేళ్లలో రెట్టింపు అంటున్నారు" అంది ఆమె.

పదేళ్లలో రెట్టింపు కావాలంటే ధర ప్రతి ఏడాదీ 7.2 శాతం చొప్పున పెరగాలి. పెరిగిన చోట్లు ఉన్నాయి, పెరగని చోట్లూ ఉన్నాయి. అమెరికాలో 2006లో శిఖరానికి చేరిన ఇళ్ల ధరలు 2012 నాటికి దేశం మొత్తం సగటున పావు వంతుకు పైగా పడిపోయాయి. జపాన్‌లో 1991 తర్వాత స్థలాల ధరలు పదేళ్లకు పైగా దిగుతూనే వచ్చాయి. ఆస్కార్ జోర్డా అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు 16 సంపన్న దేశాల్లో 1870 నుంచి 2015 వరకు లెక్కలు తీశారు. ద్రవ్యోల్బణం పోను ఇళ్ల మీద రాబడి సగటున ఏడాదికి 7 శాతం దగ్గర తేలింది, షేర్లకు దాదాపు సమానం. నేను చూపించింది ఆ రాబడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ద్రవ్యోల్బణం తీసేస్తే అందులో పెద్ద వాటా అద్దెది, ధర పెరుగుదలది కాదు. అద్దె సరిగా రాని ఇంటిని ధర మీద ఆశతో కొంటే, ఆ రాబడిలో పెద్ద భాగాన్ని మొదటి రోజే వదులుకున్నట్టు.

బయానా ఇవ్వలేదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదని తర్వాత చెప్పారు. మనసులో గృహప్రవేశం చేసేసిన ఇంటిని వదులుకోవడం సులువు కాదు.

ఐదు నెలలు, పంతొమ్మిది ఇళ్లు

తర్వాతి వెతుకులాటకు ఒక జల్లెడ పెట్టుకున్నాం. ఏడాది అద్దెను ధరతో భాగిస్తే 8 శాతం రాని ఇంటిని చూడటానికి కూడా వెళ్లకూడదు. ఆ ఫ్లాట్‌కు అది 6 శాతం. అమెరికా ఇన్వెస్టర్లు 1 శాతం రూల్ అని వాడతారు, నెల అద్దె ధరలో 1 శాతం ఉండాలని. చాలా చోట్ల అది దొరకదు. ఏ రూల్ అయినా చూడాల్సిన ఇళ్లను తగ్గించుకోవడానికే పనికొస్తుంది. కొనాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఆ ఇంటి సొంత లెక్క.

ఐదు నెలల్లో పంతొమ్మిది ఇళ్లు చూశారు. ఆమెకు నైట్ డ్యూటీ లేని రోజుల్లో, ఆయనకు సెలవు రోజుల్లో. చివరికి దొరికింది పాత ఇల్లు, కింద ఒక పోర్షన్, మేడ మీద ఒకటి. అడిగిన ధర 660. కింద తొమ్మిదేళ్లుగా ఉంటున్న ఒక పెద్దావిడ 2.1 కడుతున్నారు. పై పోర్షన్ వాళ్లు 1.9 కడుతూ ఖాళీ చేయబోతున్నారు. ఈ అద్దెలతో అయితే ఇది కొనదగిన ఇల్లు కాదు. రిపేర్లు చేయిస్తే అద్దె ఎంతవరకు వెళ్తుందో తెలియాలి.

దీనికి బ్రోకర్ మాట చాలదు. ఆయన్ను చుట్టుపక్కల వీధుల్లో నడిచి కనిపించిన ప్రతి టు-లెట్ బోర్డుకూ ఫోన్ చేయమన్నాను. అద్దె ఎంతని అడగడమే కాదు, బోర్డు పెట్టి ఎన్నాళ్లయిందని కూడా అడగమన్నాను. ఎక్కువ అద్దె చెప్పిన రెండు బోర్డులు మూడు నెలలుగా అలాగే ఉన్నాయి. అంటే అది యజమాని ఆశే తప్ప మార్కెట్ అద్దె కాదు. రెండు వారాల్లో నిండిన ఇళ్లు కింద పోర్షన్‌కు 2.7, పైదానికి 2.4 దగ్గర ఉన్నాయి. వాటినే లెక్కలోకి తీసుకున్నాం.

ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు అమ్మేవాళ్లు గోడలకు కొత్తగా సున్నం వేయించి ఉంచారు. కొత్త రంగు చూస్తే నాకు అనుమానమే వస్తుంది. కింద పోర్షన్ ఆవిడ బీరువా ఒకటి గోడకు జానెడు దూరంలో పెట్టుకున్నారు. మిగతా సామానంతా గోడలకు ఆనుకునే ఉంది. నర్సుకు ఇలాంటివి ఇట్టే కనిపిస్తాయి. "ఆంటీ, ఈ బీరువా ఎందుకు ముందుకు జరిపారు?" అని అడిగింది. "వానాకాలం వస్తే బట్టలకు చెమ్మ పడుతుందమ్మా. నాలుగేళ్లయింది ఇట్లా జరిపి" అన్నారావిడ. వెనక చెయ్యి పెట్టి చూస్తే గోడ చల్లగా, మెత్తగా తగిలింది. వేలితో గీస్తే ప్లాస్టరింగ్ పొడిగా రాలింది. సరిగ్గా దాని పైన, మేడ మీద బాత్రూమ్.

ఇంట్లో ఉంటున్నవాళ్లతో మాట్లాడకుండా ఇల్లు కొనకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అమ్మేవాళ్ల పక్కన నిలబడి కాదు, విడిగా, తీరిగ్గా. పావుగంటలో ఆవిడ చెప్పిన విషయాలు ఏ రిపోర్టులోనూ ఉండవు.

కాగితాలు సాఫీగానే తేలాయి. పాత డాక్యుమెంట్ల వరుస తెగలేదు, తాకట్టులేమీ లేవు, కొలతలు సరిపోయాయి. ఒక్కటే తిరకాసు, పెరట్లో కట్టిన గది అనుమతి పొందిన ప్లాన్‌లో లేదు. అమ్మేవాళ్లు దాని విస్తీర్ణం కూడా కలిపి ధర చెప్పారు. బ్యాంకు వాల్యుయర్ ఆ గదిని లెక్కలోంచి తీసేసి 620 రాశారు. ఆ రిపోర్టు, చెమ్మ ఫొటోలు, రిపేరు ఎస్టిమేటు ముందు పెట్టి మాట్లాడితే మూడు వారాల తర్వాత 620కి ఒప్పుకున్నారు. ఆ గది రేపు తీసేయాల్సి వచ్చినా ఇబ్బంది లేకుండా, దాని అద్దె సున్నా అనుకునే లెక్క వేశాం.

చేతి నుంచి 35 శాతం, అంటే 217 కట్టారు. కొనుగోలు ఖర్చులు 40. రిపేర్లు 55: మేడ వాటర్‌ప్రూఫింగ్ 17, పై బాత్రూమ్ తవ్వి మళ్లీ కట్టడం 14, వైరింగ్ 13, రంగులు, చిల్లర పనులు 11. లోన్ 403, మొదటి మూడేళ్లు 7 శాతం ఫిక్స్‌డ్, ఈఎంఐ 2.85. మిగిలిన 48ని వేరే ఖాతాలో వేయించాను, ఆ ఖాతాకు కార్డు తీసుకోవద్దన్నాను. రెండు పోర్షన్లూ ఒకేసారి ఖాళీ అయి ఒక్క పైసా రాకపోయినా ఈఎంఐ, పన్ను, ఇన్సూరెన్స్ దాదాపు పదిహేను నెలలు ఆ ఖాతాలోంచే కట్టొచ్చు. ఈ ఇంటికీ ఆ ఫ్లాట్‌కూ అసలు తేడా అదే. అక్కడ ఒకటిన్నర నెలే, ఇక్కడ పదిహేను నెలలు.

కాగితం మీద ఏడాది అద్దె 61.2, ఖర్చులు 23.2, మిగిలేది 38, ఈఎంఐలకు 34.2. ఏడాదికి 3.8 మిగులు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ధర, ఖర్చులు, రిపేర్లు కలిపి ఇంటికి పెట్టింది 715, దాని మీద నికర రాబడి 38, అంటే 5.3 శాతం. లోన్ వడ్డీ 7 శాతం. ఏడు శాతానికి అప్పు తెచ్చి అయిదుంపావు శాతం సంపాదించే చోట పెట్టడం మొదటి ఏళ్లలో లాభం కాదు. అద్దె ఏటా కాస్త పెరిగి, ఈఎంఐ అలాగే ఉంటే కొన్నేళ్లకు తూకం తిరుగుతుంది. అంతవరకు లోన్ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇది వాళ్లకు ముందే చెప్పాను. తెలిసే కొన్నారు.

నేను చూడని పైపు

మొదటి మూడు నెలలు రిపేర్లతో గడిచాయి. కింద పెద్దావిడను ఖాళీ చేయించి 2.7కి కొత్తవాళ్లను పెడదామని ఆయన అన్నారు. లెక్క వేసి చూశాం. ఖాళీ పడే నెలన్నర, బ్రోకర్, రంగులు కలిపి 5.5 దాకా పోతుంది. ఆవిడ 2.5 ఇస్తామన్నారు. ఏడాదికి 2.4 తేడా కోసం తొమ్మిదేళ్లు ఒక్క నెలా ఆలస్యం చేయని మనిషిని పంపడం తెలివి కాదు. పైగా చెమ్మ సంగతి దాచకుండా చెప్పింది ఆవిడే. నాలుగో నెల నుంచి 2.5కి కుదిరింది.

ఐదో నెలలో ఓ ఉదయం ఆవిడే ఫోన్ చేశారు. కింద బాత్రూమ్‌లో నీళ్లు దిగడం లేదు, పైవాళ్లు నీళ్లు వదిలితే వీళ్ల గచ్చు మీదికి మురుగు వస్తోంది. ప్లంబర్ వచ్చి మురుగు చాంబర్ మూత తీసి చూస్తే, ఇంటి వెనక నుంచి వీధి వరకు పాత మట్టి పైపు. అతుకుల దగ్గర చెట్టు వేళ్లు లోపలికి దూరి, జడలా అల్లుకుని ఉన్నాయి. ఒక అతుకు పూర్తిగా జారిపోయింది. మొత్తం తవ్వి కొత్త పైపు వేయడానికి 14 అయింది.

ఇది నా తప్పు. మేడ, గోడలు, వైరింగ్, మోటార్, కుళాయిలు అన్నీ చూశాను. చాంబర్ మూత మీద పూలకుండీ ఉంటే దాన్ని జరపలేదు. కెమెరా వేసి పైపు చూపించినా 1 కంటే తక్కువ అయ్యేది, దాంతో ధరలో ఆ 14 అడిగి ఉండేవాళ్లం. నా ఫీజులో సగం వెనక్కి ఇచ్చాను, ఈ లెక్కల్లో దాన్ని కలపలేదు. అప్పటి నుంచి ఏ పాత ఇంటికి వెళ్లినా ముందు చాంబర్ మూతలు తీయిస్తాను. ఒకరు మేడ మీద నుంచి ఎనిమిది బకెట్లు వెంటవెంటనే వదులుతారు, నేను కింద నిలబడి నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో, మట్టి రంగులో వస్తున్నాయో చూస్తాను. మట్టి రంగు వస్తే పైపు ఎక్కడో తెగినట్టే. కొత్త ఇల్లయినా సిమెంటు గడ్డలు అడ్డుపడి ఉండొచ్చు, అక్కడా ఇదే పరీక్ష.

ఎనిమిదో నెల చివర, పై పోర్షన్‌లో కొత్తగా దిగినవాళ్లు బదిలీ వచ్చి వెళ్లిపోయారు. రెండు నెలలు ఖాళీ. ఆ రెండు నెలలూ ఆమెకు టెన్షన్. డ్యూటీ అయ్యాక రాత్రి మెసేజ్ పెట్టేది, "ఈ రోజూ ఎవరూ రాలేదండీ" అని. మొదట వచ్చిన ఒకాయన అడ్వాన్స్ రెట్టింపు ఇస్తానని తొందర పెట్టారు. ఉద్యోగం గురించి, ఇంతకుముందున్న ఇంటి గురించి అడిగితే మాట మార్చారు. ఖాళీ నెలల కోసం పెట్టిన ఖాతాలో డబ్బుండబట్టే వద్దనగలిగారు. చేతిలో డబ్బు లేని యజమాని ఆ రోజు తాళం ఇచ్చేసేవాడే. పదకొండో నెలలో ఒక కుటుంబం 2.5కి దిగింది, ముందున్న ఇంటి ఓనరుతో ఆమె స్వయంగా మాట్లాడాకే.

మొదటి ఏడాది అసలు లెక్క ఇది. వచ్చిన అద్దె 48.2. పన్ను, ఇన్సూరెన్స్ 4.5, చిన్న రిపేర్లు 6, డ్రైనేజీ 14, కొత్త టెనెంట్ల ఖర్చు 3. మిగిలింది 20.7. ఈఎంఐలు 34.2. లోటు 13.5. 3.8 మిగులుతుందనుకున్నది 13.5 లోటైంది. ఖాతాలో 48 కాస్తా 34.5 అయింది. జీతాల్లోంచి దాచుకునే నెలకు 2 మాత్రం ముట్టుకోలేదు.

రెండో ఏడాది ఒక్క నెలా ఖాళీ పడలేదు. అద్దె 60, ఖర్చులు 13.5, ఈఎంఐలు పోను 12.3 మిగిలింది. ఖాతా 46.8కి చేరింది. ఆ 12.3ని లాభం అని పిలవనివ్వలేదు. రెండేళ్లు కలిపితే 1.2 లోటు, అంతే. ఈలోగా టెనెంట్ల అద్దెతో లోన్ అసలు 12.8 తగ్గింది. అద్దె మీద పన్ను చోటును బట్టి మారుతుంది, అది వాళ్ల ఆడిటర్ చూసుకుంటున్నారు.

వదిలేసిన ఫ్లాట్ సంగతి

ఆ బిల్డింగ్‌లో అదే సైజు ఫ్లాట్ రెండేళ్లకు 1080కి అమ్ముడైంది. ఆయన ఆ విషయం చెప్పినప్పుడు గొంతులో కాస్త బాధ వినిపించింది. అందుకే అది కూడా పద్దు రాసి చూశాం. ఆ ఫ్లాట్ కొని ఉంటే మొదట పెట్టే 350కి రెండేళ్ల లోటు 49 కలిపి 399 పెట్టి ఉండేవాళ్లు. 1080లో మిగిలిన లోన్ పోను వాళ్ల వాటా 354. ధర పెరిగినా 45 వెనకే. అమ్మే ఖర్చులు ఇంకా కలపలేదు.

ఇదే కొలత వాళ్ల ఇంటికీ పెట్టాను. చుట్టుపక్కల ధరలూ దాదాపు అంతే శాతం పెరిగాయి. 670 వస్తుందనుకుంటే లోన్ పోను వాటా 280. పెట్టింది 313. ఇక్కడా 33 వెనకే. కొనుగోలు ఖర్చులు, కంటికి కనపడని రిపేర్లు రెండేళ్లలో తిరిగి రావు, ఏ ఇంట్లోనైనా అంతే. ఐదేళ్లలోపు డబ్బు అవసరం పడుతుందనుకునేవాళ్లకు ఇల్లు వద్దనే చెబుతాను. ఫ్లాట్‌లో ఆ రెండేళ్లు నిలబడటానికి జీతాల మిగులంతా పోయేది. ఇక్కడ ఆ మిగులు 48 బ్యాంకులో ఉంది, ఖాళీ నెలల ఖాతా పక్కన.

ఇప్పుడు ఆయన దృష్టి రెండో ఇంటి మీద ఉంది. వచ్చే ఏడాది చివరకు దాచింది 72 అవుతుంది, దాన్ని అడ్వాన్స్‌గా వాడదామంటున్నారు. నేను ఫిక్స్‌డ్ రేటు అయిపోయే తేదీ చూపించాను. ఆ రోజుకు లోన్ 383 ఉంటుంది. రేటు 9 శాతం అయితే ఈఎంఐ 2.85 నుంచి 3.34 అవుతుంది, మామూలు ఏడాదిలో కూడా లోటు మొదలవుతుంది. అదే రోజు 60 కట్టేస్తే, 9 శాతం దగ్గర కూడా ఈఎంఐ 2.81, అంటే ఇప్పటికంటే తక్కువే. ఫిక్స్‌డ్ రేటు గడువు లోపల కడితే పెనాల్టీ పడుతుంది కాబట్టి సరిగ్గా ఆ రోజే కట్టాలి.

పది రోజులు ఇద్దరూ మాట్లాడుకున్నారు. కట్టేద్దామని మొదట అన్నది ఆమె. ఆ తేదీ ఆయన ఫోన్‌లో, ఆమె డ్యూటీ క్యాలెండర్‌లో, నా ఫైలు అట్ట మీద రాసి ఉంది.